నాలుగో గురి

మా ఊళ్లో మూడేళ్లకొకసారి కళల పండగ జరుగుతుంది. ఆఫీసు వాళ్లు దానికేదో పెద్ద పేరు పెట్టి గోడల మీద రాయిస్తారు గానీ, మా నోళ్లలో మాత్రం అది మూడేళ్ల పండగే. ఎక్కడెక్కడి నుంచో కళాకారులు వస్తారు. ఒడ్డు మీదా, వీధుల్లోనూ, మూతబడిన చేపల వేలం షెడ్డులోనూ వాళ్లు చేసినవి పెడతారు. మూడు నెలల పాటు జనం వచ్చి చూసిపోతారు. ఆ తర్వాత కొన్ని తీసేస్తారు, కొన్ని ఊరికే వదిలేస్తారు.

మొదటిసారి ఒకాయన ఇసకలో తలుపు నిలబెట్టాడు. గోడ లేదు, కప్పు లేదు, ఉత్త తలుపు. తీస్తే అవతల సముద్రం. మా ఆవిడ చూసి, "పాపం, ఇల్లు కట్టడం మర్చిపోయాడు" అంది. అలా అన్న మనిషే రోజూ సాయంత్రం వెళ్లి ఆ తలుపు ఒకసారి తీసి, వేసి వచ్చేది. ఎందుకే అంటే, "ఊరికే" అనేది.

రెండోసారి ఇనుముతో పెద్ద పక్షిని చేశారు. నెలన్నర తిరక్కుండానే దాని కాలు తుప్పు పట్టి వంగింది. అప్పుడు పండగ ఆఫీసు వాళ్లు నా దగ్గరికి వచ్చారు. నేను పడవలకు రంగులు వేసేవాణ్ణి. నాకు అక్షరం ముక్క రాదు గానీ, ఉప్పుగాలి దేన్ని ఎక్కణ్ణుంచి తినడం మొదలుపెడుతుందో తెలుసు. అప్పట్నుంచి ప్రతి పండక్కీ నన్నే మేస్త్రిగా పెట్టుకున్నారు.

నేను చెప్పబోయేది ఐదో పండగ సంగతి.

ఆ ఏడు ఒక సన్నపాటి మనిషి వచ్చింది. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు పట్టుకునే తిరిగేది. సముద్రం గాలికి ఆ గొడుగు రోజుకు నాలుగుసార్లు వెనక్కి తిరగబడేది. దాన్ని సరిచేసుకుంటూనే మాట్లాడేది. ఊరంతా ఆమెను గొడుగమ్మ అనేవాళ్లు. ఆమెకు ఆ సంగతి తెలుసు, నవ్వేది.

ఆమె ఇంటింటికీ తిరిగి ఒకటే అడిగింది. ఇప్పుడు లేని పడవల చెక్కలు మీ దగ్గరేమైనా ఉన్నాయా అని. విరిగిపోయినవీ, మునిగిపోయినవీ, అమ్మేశాక ఎవరో పొయ్యిలో పెట్టుకోగా మిగిలినవీ. రాళ్లకట్ట పొడవునా వాటిని ఒక వరసలో గోడలా నిలబెడతానంది. మా వాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే అటకల మీంచి, మంచాల కింద నుంచి తీసి ఇచ్చారు. మొత్తం నలభై చెక్కలు పోగయ్యాయి. ప్రతిదానికీ ఒక చీటీ కట్టి నంబరు వేసింది. పేర్లు ఆమె పుస్తకంలో ఉన్నాయి.

అవన్నీ వేలం షెడ్డులో నా ముందు పెట్టి, ఇనప చట్రాలు తేవడానికి నాలుగు రోజులు పై ఊరు వెళ్తూ, "మేస్త్రి గారూ, ఈ మూడు నెలలూ సముద్రం గాలికి నిలిచేలా చూడండి" అంది.

"అలాగేనమ్మా, ఆ పని నాకు వదిలెయ్" అన్నాను.

మా పనిలో ఒక పద్ధతుంది. చెక్క ఏదైనా సరే, పాత తోలుతో నీళ్ల దగ్గరికి పంపం. పాత రంగు గీకాలి. గంట్లు ఉంటే పుట్టీ పెట్టాలి. ఉప్పు కాగితంతో రుద్దాలి. ఎర్ర ప్రైమరు ఒక పూత, ఆరాక రంగు రెండు పూతలు. నాకు పని నేర్పిన ముసలాయన చిన్న గంటు వదిలేసినా వీపు మీద బ్రష్షుతో కొట్టేవాడు. ఇరవై నాలుగేళ్లు అలాగే చేశాను. సముద్రానికి నిలిచేలా చూడమంటే నాకు ఇంకో అర్థం తోచలేదు.

నాలుగు రోజుల్లో తొమ్మిది చెక్కలు పూర్తి చేశాను. అందులో పదిహేడో నంబరుది నాకు బాగా గుర్తుంది. మూరెడు వెడల్పు, నడుం ఎత్తు. ఒక పక్కంతా గాట్లే. ఎవడో ఎర చేపలు దీని మీద పెట్టి కోసుంటాడు, బుద్ధిలేనివాడు అనుకున్నాను. పైన మూడు చోట్ల గాట్లు లోతు తక్కువ, గీకితే చాలావరకు పోయాయి. కింద నాలుగో చోట మాత్రం లోతుగా ఉన్నాయి. ఒకసారి పుట్టీ పెడితే కుంగింది. రెండోసారి పెట్టాను. చేత్తో తడిమి చూసుకుంటే గాజులా ఉంది. నీలం రంగు వేశాను. తొమ్మిదింటిలో అదే బాగా వచ్చిందనుకున్నాను కూడా.

గొడుగమ్మ తిరిగొచ్చి షెడ్డు గుమ్మంలో ఆగిపోయింది. గొడుగు మూసింది. ఆమె తనంతట తాను దాన్ని మూయగా చూడ్డం నాకు అదే మొదలు.

"మేస్త్రి గారూ, ఇవి ఎవరు రంగు వేశారు?"

"ఇంకెవరమ్మా, నేనే."

ఆమె వచ్చి ఒక ఖాళీ ఐసు పెట్టె మీద కూర్చుంది. రంగు వేసిన చెక్కలన్నిటి మీదా ఒక్కొక్కటిగా చూపు తిప్పింది. తర్వాత మెల్లగా చెప్పింది. "నాకు వీటి పాత రంగే కావాలి. ఆ గాట్లే కావాలి. వెనక మేకులు గట్టిగా కొట్టి నిలబెడితే చాలనుకున్నాను. నాదే తప్పు. విడమరిచి చెప్పలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తప్పు తన మీద వేసుకునేసరికి ఎటు చూడాలో తెలియలేదు.

ఆమె పుస్తకం తీసి ఆ తొమ్మిదీ ఏ ఇళ్లవో చదవడం మొదలుపెట్టింది. మూడిళ్లు, నాలుగిళ్లు అయ్యాయి. "పదిహేడు, తాళ్ల కొట్టు వీధి, చివరిల్లు. పెద్దావిడ. చూపు సరిగ్గా ఆనదు."

"ఆవిడ మా అక్క" అన్నాను.

గొడుగమ్మ పుస్తకం మూసింది. "ఆవిడ నాతో రెండు మాటలు చెప్పింది మేస్త్రి గారూ. గీతలున్న వైపు గోడకు తిప్పి పెట్టమంది. ఇంకోటి, మా తమ్ముడికి చెప్పొద్దంది. ఆ తమ్ముడు మీరేనని నాకు తెలీదు."

నేనూ ఒక పెట్టె మీద కూర్చున్నాను. అవి ఎర కోసిన గాట్లు కావని అప్పుడు తెలిసింది.

సముద్రం మీద దారి చెప్పే బోర్డులుండవు. ఈ కాలం వాళ్లకు యంత్రాలున్నాయి, మాకు గురి ఉండేది. ఒడ్డున ఉన్నవి రెండు చూసుకోవాలి, ముందొకటి, వెనకొకటి. గుట్ట ముందుకు బడి కప్పు వచ్చిందంటే ఒక గీత మీద ఉన్నట్టు. ఇంకో పక్క ఇంకో జంట చూసుకోవాలి. రెండు గీతలూ కలిసిన చోట వల వేయాలి. అదే గురి. అక్క మొగుడు, అదే మా బావకు, రాయడం రాదు. తన గురులన్నీ పడవ వెనక, చుక్కాని పట్టుకుని కూర్చునే చోట, చెక్క మీద మేకుతో గీసుకునేవాడు. గుట్టకు గుర్తు ఒక వంపు, బడికి గడప. నేను ఆరేళ్లు ఆయన పక్కన కూర్చున్నాను. మూడు గురులుండేవి, మూడూ ఉత్తరానివే. తర్వాత నేను పడవ దిగి రంగుల పనిలోకి వచ్చేశాను.

నేను దిగిన రెండేళ్లకు బావ ఒక్కడే వేటకు వెళ్లాడు, తిరిగి రాలేదు. రేవు ఆఫీసరు నన్ను పిలిచి, "మీ బావ ఎటు వెళ్లుంటాడు?" అని అడిగాడు. నేను మూడు గురులూ చెప్పాను. నా మాట మీద పదకొండు పడవలు ఉత్తరానికి వెళ్లి మూడు రోజులు వెతికాయి. ఏమీ దొరకలేదు. రెండు నెలలకు ఎవరి వలలోనో పడవ చెక్క ఒకటి పడితే తెచ్చి అక్కకిచ్చారు. నేను చూద్దామని వెళ్తే, "చూసినకొద్దీ ఏడుపొస్తోందిరా, పొయ్యిలో పెట్టేశాను" అంది. ఇరవై రెండేళ్లు ఆ మాటే నమ్మాను.

గొడుగమ్మ అడిగింది. "ఆ గీతలు మళ్లీ గీయగలరా?"

"గీయగలను" అన్నాను.

అక్కకు చూపు ఆనదు. వేలితో తడిమి చూసుకుంటుంది. బావ చేయి ఎలా తిరిగేదో నాకు తెలుసు. అచ్చం అలాగే చెక్కి పెడితే ఎవరికీ తెలియదు. సన్న ఉలి తీసుకుని కూర్చున్నాను. పైన మూడు చోట్లా మూడు గురులు పెన్సిలుతో గుర్తులు పెట్టాను, చేయి దానంతటదే నడిచింది. నాలుగో చోటికి వచ్చి ఆగాను. అక్కడ రెండుసార్లు పుట్టీ పెట్టింది గుర్తుంది. కానీ అక్కడేముందో నాకు తెలియదు. మా బావకు నాలుగో గురి లేదు. అంటే నేను దిగాక పెట్టుకున్నదన్నమాట. పుట్టీ తవ్వి చూశాను. రాయిలా బిగిసింది, చెక్క పెచ్చుతో సహా ఊడి వస్తోంది.

ఏదో ఒకటి గీసేయొచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. ఉలి చెక్కకు ఆనించాను కూడా. బావ రోజూ చూసుకున్న చోట నా ఇష్టం వచ్చిన గీత గీసి, దాని మీద మా అక్క చేత వేలు పెట్టించడానికి చేయి రాలేదు.

ముందు మిగతా ఎనిమిది ఇళ్లకూ వెళ్లి తప్పయిపోయిందని చెప్పుకున్నాను. ఒకామె తలుపు మొహాన వేసింది. ఒక ముసలాయన వచ్చి తన చెక్క చూసుకుని, "పడవున్నప్పుడు కూడా దీనికి ఇంత సోకు లేదు కదరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆయన వేలు ఆ రంగు మీద ఏదో వెతుక్కుంటూ ఉంది.

చివరికి అక్క దగ్గరికి వెళ్లాను.

అక్కది ఒకటే గది. కిటికీ దగ్గర ముక్కాలి పీట వేసుకుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. చూపు మందగించాక కూడా అంచుకు అంచు సరిగ్గా కలిపేది.

"అడుగు చప్పుడు బరువుగా ఉంది. మోకాలు నొప్పా?" అంది.

"మోకాలు కాదక్కా. నీకో మాట చెప్పాలి."

"కూర్చుని చెప్పు. నిలబడి చెప్పేవన్నీ చెడ్డ మాటలే."

కూర్చున్నాను. తర్వాత చెప్పేశాను. గీకాననీ, పుట్టీ పెట్టాననీ, నీలం రంగు వేశాననీ, అది బావ చెక్క అని తెలియదనీ.

ఆమె చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

"అన్నీ పూడ్చేశావా?"

"అన్నీ."

"కింద ఉన్నది కూడా?"

"దానికి రెండుసార్లు పెట్టాను."

అక్క మిగతా సగం మడత పెట్టి దుప్పటి పక్కన పెట్టింది. "అయితే మంచిదే" అంది.

"మంచిదేమిటక్కా? ఆయన గుర్తు అదొక్కటే కదా నీకు మిగిలింది."

"నాకు మిగిలింది నా వేళ్లలో ఉందిలే. దానికోసం చెక్క ఎందుకు?"

"అంత మంచిదైతే మరి నాకెందుకు దాచావు? పొయ్యిలో పెట్టానన్నావు."

"అన్నాను. అబద్ధమే చెప్పాను. నువ్వు చిన్నప్పుడు నాకు చెప్పిన అబద్ధాలతో పోలిస్తే అదెంత?"

"మాట తప్పించకక్కా. ఆ నాలుగోది ఏ గురి?"

"మూడు చాలవూ నీకు?"

"అక్కా."

వీధిలో ఎవరో తోపుడుబండి నెట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి, "చెయ్యి ఇటివ్వు" అంది.

నా అరచెయ్యి తెరిచి పెట్టాను. అక్క చూపుడువేలితో గీసింది. నిలువుగా ఒక గీత, దాని నెత్తిన చుక్క, అది లైటుహౌసు. దాని వెనక మధ్యలో చీలిన కొండ. తర్వాత కాళ్ల మీద కుండ, అది నీళ్ల ట్యాంకు. దాని వెనక సన్నగా ఇటుక బట్టీ గొట్టం. ఇరవై రెండేళ్లుగా రోజూ తడుముకున్న వేలది. ఒక్కచోట కూడా ఆగలేదు.

చీలిన కొండ మా ఊరికి దక్షిణాన ఉంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మూడు రోజులు పదకొండు పడవలను ఉత్తరానికి పంపింది నేను. దక్షిణానికి ఒక్క పడవ వెళ్లలేదు.

"మీ బావ నాక్కూడా చెప్పలేదు. ఆ చెక్క చేతికొచ్చాకే తెలిసింది" అంది అక్క. "చదువు రాకపోతే మాత్రం చీలిన కొండ ఎటుందో తెలీదా? నువ్వు అప్పుడే ఇంటికొస్తున్నావని వీధిలో ఎవరో అన్నారు. మంచం కిందికి నెట్టేశాను."

"నాకు తెలిస్తే..."

"తెలిస్తే ఏం చేసేవాడివి? అక్కడ వెతికి ఉంటే దొరికేవాడో లేదో ఎవరు చెప్పగలరు? నువ్వు మాత్రం దొరికేవాడనే అనుకుంటావు. నిన్ను నేనెరగనా? అప్పటికే పోయినవాణ్ణి ఒకణ్ణి మోస్తున్నాను. ఇంకొకణ్ణి ఎక్కడ మోయను?"

కాసేపటికి అడిగాను. "మరి ఇప్పుడెందుకు ఆ గొడుగమ్మకిచ్చావు?"

"నేను పోయాక నా సామాను సర్దేది నువ్వే కదా. మంచం కింద నీ చేతికే దొరుకుతుంది. అప్పుడు పక్కన నేను కూడా ఉండను. పై ఊరి మనిషి, ఆమెకేం తెలుస్తుంది, నీ చేతిదాకా రాకుండా తనే గోడకు తిప్పి పెట్టేస్తే అయిపోతుందనుకున్నాను." అని కొద్దిగా నవ్వింది. "అది తిరిగి తిరిగి నీ చేతికే వచ్చింది చూడు. వచ్చినదాన్ని తిన్నగా చూశావా అంటే అదీ లేదు, సున్నం కొట్టినట్టు కొట్టావు."

"సున్నం కాదు. నీలం."

"ఏదో ఒకటి."

ఆమె ఇంకో బట్ట తీసింది గానీ మడత పెట్టలేదు. ఒళ్లో పెట్టుకుంది.

"అక్కా, ఆ నాలుగోది నేను చెక్కుతాను" అన్నాను. "మిగతావి వద్దు. అదొక్కటే. గోడ వైపు కాదు, బయటికి కనిపించేలా."

"ఎందుకురా?"

"ఆ పదకొండు పడవల వాళ్లలో ఇంకా నలుగురున్నారు. వాళ్లు నా మాట మీద వెళ్లారు. మూడు రోజులు తిండి మానుకుని వెతికారు. వాళ్లకు తెలియాలి."

"తెలిసి ఏమంటారు?"

"ఏమన్నా అననీ."

అక్క ఒళ్లో బట్ట అంచును వేళ్లతో నలిపింది. "లోతుగా చెక్కు. నా వేలికి తగలాలి" అంది.

రెండు రోజులు పట్టింది. సన్న ఉలితో, నా రంగు మీంచి, నా పుట్టీ మీంచి, లోపలి చెక్క దాకా చెక్కాను. మూడుసార్లు అక్క ఇంటికి వెళ్లి అరచేతిలో మళ్లీ గీయించుకుని వచ్చాను. మూడోసారి, "ఆరేళ్లు ఏం నేర్చుకున్నావురా ఆయన దగ్గర" అంది. నేను రంగు వేయని ముప్పై ఒక్క చెక్కలనూ గొడుగమ్మ చెప్పినట్టు ఉన్నవాటిని ఉన్నట్టే నిలబెట్టాను.

పండగ మొదలైన రోజు అక్కను రాళ్లకట్ట మీదికి నడిపించుకుని వెళ్లాను. జనం బాగా ఉన్నారు. పదిహేడో చెక్క దగ్గర నిలబెట్టి ఆమె చేయి దాని మీద పెట్టాను. వేలు లైటుహౌసు ఎక్కింది, కొండ మీదికి పోయింది, చీలికలోకి దిగింది. వెనక వరసలో ఉన్నవాళ్లు ఆగారు. ఎవరూ తొందర పెట్టలేదు.

"కొండ కాస్త పొట్టిదయింది" అంది అక్క.

"ఉలి జారింది."

"ఉండనీలే." వేలు మాత్రం తీయలేదు.

ఆ నలుగురిలో ముగ్గురు ఆ రోజే చూశారు. అందులో పెద్దాయన చెక్క ముందు నిలబడి గుర్తులు చదువుకున్నాడు. తల తిప్పి దక్షిణానికి చూశాడు. నా వైపు చూశాడు.

"దక్షిణమా?"

"దక్షిణమే" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేయలేదు, తిట్టలేదు. తలపాగా సరిచేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఒక రోజు టీ కొట్టు దగ్గర పక్కకు జరిగి బల్ల మీద చోటిచ్చాడు. అంతే.

పండగ అయిపోవస్తుండగా ఒక సరంగు మా ఇంటికి వచ్చాడు. ఆ నలుగురిలో ఒకాయన అల్లుడు, సొంత పడవ నడుపుకుంటాడు. గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"మామా, ఆ చెక్క మీద గురి మేమందరం చదివాం. అక్కడ చేప ఉంటుందంటున్నారు. ఎవరం వెళ్లలేదు. ముందు పెద్దమ్మను అడగాలనుకున్నాం."

అతన్ని అక్క దగ్గరికి తీసుకెళ్లాను. అతను మళ్లీ అదే మాట చెప్పాడు. అక్క విని, "వెళ్లండి. ఇన్నేళ్లూ అక్కడ ఒక్కడే ఉన్నాడు. కాస్త మనుషుల మాటలు వినపడనీ" అంది.

"మీరు కూడా వస్తారా పెద్దమ్మా?"

"నాకు పడవంటే కడుపులో తిప్పుతుంది నాయనా. మీ పెదనాన్న బతికున్నప్పుడే ఎక్కలేదు. మా తమ్ముణ్ణి తీసుకెళ్లు."

పొద్దున్నే బయల్దేరాం. పడవ ఎక్కి ఇరవై నాలుగేళ్లయింది, రెండు చేతులతో అంచు పట్టుకున్నాను. సరంగు ఏ యంత్రమూ చూడలేదు, ఒడ్డు వైపే చూస్తూ నడిపాడు. లైటుహౌసు మెల్లమెల్లగా జరిగి చీలిన కొండ మధ్యలోకి వచ్చి నిలబడింది. ఇంకాస్త ముందుకు పోయాక, నీళ్ల ట్యాంకు వెనక్కి బట్టీ గొట్టం వెళ్లి దాక్కుంది. అతను ఇంజను ఆపేశాడు.

అలలు పెద్దగా లేవు. నీళ్లు ముదురు రంగులో ఉన్నాయి. పడవలో నలుగురున్నాం. నేను నీళ్లలోకి చూశాను. బావతో ఏమైనా చెప్పాలనుకుని వచ్చాను గానీ, ఏమీ గుర్తు రాలేదు. ఆలస్యమైందని చెప్పాను. మనసులోనే.

చాలాసేపటికి సరంగు అడిగాడు. "మామా, వల వేయమంటావా?"

"వెయ్యండి" అన్నాను.